వివేకానికి ఏమేం కావాలి?

పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే ‘డిజిటల్ అరెస్ట్’ మోసాల వార్త వచ్చినప్పుడల్లా చదివినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఇంత చదువుకున్నవాళ్లు ఎలా నమ్మారు? బాధితుల్లో రిటైరైన అధికారులున్నారు, ప్రొఫెసర్లున్నారు, డాక్టర్లున్నారు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లున్నారు. కేంద్ర హోంశాఖ కింద పనిచేసే సైబర్ నేరాల సమన్వయ కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం, 2024 తొలి నాలుగు నెలల్లో ఈ ఒక్క రకం మోసంలోనే జనం పోగొట్టుకున్నది సుమారు 120 కోట్ల రూపాయలు. ఆ ప్రశ్నలో జాలి కన్నా నింద ఎక్కువ. చదువూ తెలివీ ఉంటే మంచిచెడ్డలు వాటంతటవే తెలిసిపోతాయన్న నమ్మకం దాని అడుగున ఉంది. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో చూడాలని ఈ వ్యాసం. మన పాత తర్కశాస్త్రం నుంచి ఇప్పటి మనస్తత్వ పరిశోధనల దాకా, వరంగల్ పత్తి చేల నుంచి ఆస్పత్రుల దాకా వెతికితే నాకు అర్థమైనది ఇది: వివేకం ఒకరి బుర్రలో పుట్టి అక్కడే ఉండిపోయే గుణం కాదు. ఆలోచించుకునే వ్యవధి ఉండాలి. చేసిన పని ఫలితం కంటికి కనపడాలి. అడగడానికి తగిన మనిషి ఉండాలి. ఈ మూడూ లాగేసిన చోట ఎంతటి తెలివైనవాడూ నిలబడలేడు.

పెద్దలు ఈ సంగతి ఎప్పుడో పసిగట్టారు. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి ముందుగా చెప్పింది మేలు చేసేదీ, ఇష్టంగా ఉండేదీ రెండూ ఒక్కటి కావని. మనిషి ముందుకి రెండూ కలిసే వస్తాయని. పంచతంత్రంలో అయిదో భాగానికి పేరే ‘అపరీక్షితకారకం’. చూసుకోకుండా చేసిన పనుల కథలన్నీ అందులో ఉన్నాయి. చిన్నయసూరి 1853లో వెలువరించిన ‘నీతిచంద్రిక’ మిత్రలాభ, మిత్రభేదాలతోనే ఆగినా, ఆ అయిదో భాగంలోని ముంగిస కథ, బిడ్డను పాము నుంచి కాపాడిన ముంగిసను తల్లే చంపుకున్న కథ, తెలియని తెలుగు పిల్లలు తక్కువ. ఆ కథని కోపం గురించిన కథగానే చెబుతుంటాం. నాకు మాత్రం అందులో తల్లి చూసిన చూపు తప్పుగా కనిపించదు. ముంగిస మూతికి నెత్తురు ఉన్న మాట నిజం. చంటిబిడ్డ ఒంటరిగా ఉన్న మాటా నిజం. ఆ రెండు నిజాల నుంచి ఆమె తీసిన అర్థమే అబద్ధం. లోపలికి నాలుగడుగులు వేసి ఊయల చూసేంత వ్యవధి ఆమె తనకు తాను ఇచ్చుకోలేదు. మన పొరపాట్లు చాలావరకు ఇలాంటివే. కంటికి కనపడింది సరైనదే అయి ఉంటుంది, దాన్నుంచి దూకిన దూకుడే దెబ్బతీస్తుంది.

అయితే అన్నీ మన కళ్లతో చూసి తేల్చుకోలేం. రోజువారీ జీవితంలో మనకు తెలిసినవాటిలో అధికభాగం ఎవరో చెప్పగా విన్నవే. మందు ఎన్ని పూటలు వేసుకోవాలో, ఏ స్థలానికి లింకు డాక్యుమెంట్లు సరిగ్గా ఉన్నాయో, ఏ కాలేజీలో పిల్లను చేర్చాలో సొంతంగా కనిపెట్టేవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి ఎవరి మాట నమ్మాలన్నదే అసలు సమస్య. దీన్ని మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఆలోచించినంత నికరంగా మరెవరైనా ఆలోచించారా అని నాకు అనుమానం. గౌతముడి న్యాయసూత్రాలు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం తరవాత శబ్దాన్ని, అంటే ఆప్తుడి మాటని, ప్రమాణంగా ఒప్పుకున్నాయి. ఆప్తుడంటే ఎవరు? వాత్స్యాయనుడి భాష్యం ప్రకారం సంగతి స్వయంగా తెలిసి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా సమానమేనని కూడా ఆయన అన్నాడు. పుట్టుకనూ హోదానూ అంత దూరంగా నెట్టి, నమ్మకాన్ని రెండు ప్రశ్నల మీద నిలబెట్టడం ఇప్పటికీ అబ్బురంగా ఉంటుంది. ఇతనికి ఈ విషయం తెలుసా? తెలిసింది దాచకుండా చెబుతాడా?

ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగాలి. మనం సాధారణంగా ఒకటే అడుగుతాం. విత్తనాల డీలర్‌కి విషయం తెలుసు, కానీ అతనికి అమ్ముకోవాల్సిన సరుకుంది. పక్కింటాయన మన మేలే కోరతాడు, కానీ ఆయనకీ తెలిసింది అంతంతమాత్రం. మన రాష్ట్రాల్లో డిపాజిట్ల స్కీములూ గొలుసుకట్టు వ్యాపారాలూ ఇన్ని లక్షల కుటుంబాలను ముంచడానికి కారణం ఇక్కడే ఉంది. అగ్రిగోల్డ్ వ్యవహారంలోనైనా అంతకు ముందూ తరవాతా వచ్చిన మిగతావాటిలోనైనా ఇంటికి వచ్చి కాగితం చేతిలో పెట్టింది ఎక్కడి నుంచో ఊడిపడ్డ మోసగాడు కాదు. బావమరిది, చిన్నాన్న కొడుకు, పిల్లలకు చదువు చెప్పిన మాస్టారు. వాళ్లలో చాలామంది తమ డబ్బు కూడా అందులోనే పెట్టారు. వాళ్ల ప్రేమ నిజమైనదే, అందుకే ఎదుటివాళ్లు రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. ‘ఈయన నన్ను మోసం చేస్తాడా?’ అని తమను తాము ప్రశ్నించుకుంటే, చెయ్యడన్న జవాబు వచ్చింది. అది సరైన జవాబే. ‘ఆ కంపెనీ మా డబ్బుతో ఏం చేస్తోందో ఈయనకు తెలుసా?’ అని అడిగినవాళ్లు తక్కువ.

హైదరాబాద్ చుట్టుపక్కల ప్రీలాంచ్ పేరుతో ఫ్లాట్లు కొన్నవారి కథా అంతే. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లు మించి గానీ కట్టే ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటించకూడదు, అమ్మకూడదు. రిజిస్టర్ అయిందో లేదో ఫోన్‌లోనే వెతికి చూసుకోవచ్చు. అయినా ఆఫీసులో తోటి ఉద్యోగి కొన్నాడన్న మాటకే లక్షలు చేతులు మారాయి.

అరిస్టాటిల్ వివేకాన్ని ఇంకో వైపు నుంచి చూశాడు. కుర్రవాడు గణితంలో దిట్ట కావచ్చు గానీ జీవితంలో ఏ పని ఎప్పుడు చేయాలో తెలిసినవాడు కాలేడని, అది అనుభవం మీద వచ్చేదని ఆయన వాదన. సూత్రాలు కంఠస్థం చేస్తే చాలకపోవడానికి మన సామెతలే సాక్ష్యం. నిదానమే ప్రధానం అంటాం, ఆలస్యం అమృతం విషం అనీ అంటాం. రెండూ నిజమే. పిల్లకి సంబంధం చూసేటప్పుడు ఏది, నాన్నకి గుండెలో నొప్పి వచ్చినప్పుడు ఏది అన్నది సామెత చెప్పదు.

మరి వయసుతో పాటు వివేకం దానంతటదే పెరుగుతుందా? బెర్లిన్‌లో మనస్తత్వవేత్త పాల్ బాల్టెస్ బృందం వివేకం మీద ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో పాతికేళ్లవారికీ డెబ్బయ్యేళ్లవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏళ్లు గడిచినంత మాత్రాన అది అనుభవం కాదు. చేసినదానికి ఫలితం తెలిసి, దాన్నుంచి నేర్చుకుంటేనే అనుభవం.

ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో ఈ చర్చను మలుపు తిప్పినవారు మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ. 1974లో ‘సైన్స్’ పత్రికలో వాళ్లు రాసిన వ్యాసం, మనిషి అంచనాలు వేసేటప్పుడు కొన్ని అడ్డదారులు తొక్కుతాడని, అవి చాలాసార్లు పనికొచ్చినా ఒకే పద్ధతిలో తప్పుదారి పట్టిస్తాయని చూపింది. చప్పున గుర్తుకొచ్చిందే ఎక్కువగా జరుగుతుందనుకోవడం వాటిలో ఒకటి. ట్వెర్‌స్కీ 1996లో చనిపోయారు. కానెమన్‌కు 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కీత్ స్టానోవిచ్ ఇంకో అడుగు ముందుకేసి, తెలివిని కొలిచే పరీక్షల్లో బాగా వచ్చినవారు కూడా ఈ తప్పుల్లో చాలావాటిని అందరిలాగే చేస్తారని చూపించారు. మొదట్లో అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. తెలివి వేరు, దాన్ని సమయానికి బయటకు తీయగలగడం వేరు.

ఈ ధోరణి మనిషిని మరీ చిన్నచూపు చూస్తోందని జర్మనీలో గెర్డ్ గిగెరెంజర్ అభ్యంతరం చెప్పారు. చాలాసార్లు తప్పు మనిషి ఆలోచనలో కాదు, అతనికి సమాచారం అందించిన తీరులో ఉందన్నది ఆయన వాదం. 1995లో బ్రిటన్‌లో కొన్ని రకాల గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు అవుతుందని ప్రకటన వచ్చింది. వేలాది మంది భయపడి మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్లు సుమారు 13,000 పెరిగాయి. అసలు లెక్కేమిటంటే, ఏడు వేల మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తోంది. రెట్టింపన్నదీ అబద్ధం కాదు. కానీ ఏడు వేలన్న మాట పక్కన పెట్టి చెబితే ఏ ఆడమనిషి సరిగ్గా నిర్ణయించుకోగలదు? మన టీవీ చర్చల్లో రోజూ వినే శాతాలను ఈ కథ గుర్తుపెట్టుకుని వినాలి.

ఇదే రంగంలో బాగా ప్రచారమైన ఫలితాలన్నీ నిలబడలేదని కూడా చెప్పాలి. ఇజ్రాయెల్‌లో పెరోల్ కేసులు వినే జడ్జీలు భోజన విరామం తరవాత ఎక్కువ కరుణ చూపారని 2011లో వచ్చిన పరిశోధన లోకమంతా తిరిగింది. కేసులు వచ్చే వరసలోనే తేడాలున్నాయని, ఆకలి మీద నెపం పెట్టడం సరికాదని తరవాత ఇతరులు ఎత్తిచూపారు. మొదటిది విన్నంతమంది రెండోది వినలేదు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది కానెమన్, గ్యారీ క్లైన్ కలిసి 2009లో రాసిన వ్యాసం. క్లైన్ అగ్నిమాపక దళాల వాళ్లని దగ్గరగా చూసినవాడు, ఆలోచించే తీరిక లేకుండానే వాళ్లు తీసుకునే నిర్ణయాలు ఎంత సరిగ్గా ఉంటాయో చూసి అబ్బురపడినవాడు. కానెమన్‌కు అలాంటి స్ఫురణ మీద నమ్మకం తక్కువ. ఇద్దరూ ఏళ్ల తరబడి వాదించుకుని చివరికి ఒక చోటికి వచ్చారు. ఒక పనిలో మనసుకు తట్టినదాన్ని నమ్మాలంటే రెండు షరతులు: ఆ పనిలో ఒక క్రమం ఉండాలి, ఆ క్రమాన్ని నేర్చుకునేలా ఫలితం మళ్లీ మళ్లీ తెలుస్తుండాలి. మంట ఎలా పాకుతుందో దళం నాయకుడు వందసార్లు చూసి ఉంటాడు. షేర్ల ధర రేపు ఎటు పోతుందో చెప్పేవాడికి ఆ అవకాశం లేదు, ఎంత ధీమాగా చెప్పినా సరే.

ఈ మాటకు మన నేల మీద దొరికే సాక్ష్యం వరంగల్ పత్తి రైతు. అమెరికా మానవశాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ వరంగల్ జిల్లా పల్లెల్లో కొన్నేళ్లు తిరిగి, రైతులు పత్తి విత్తనం ఎలా ఎంచుకుంటున్నారో పరిశీలించి 2007లో ‘కరెంట్ ఆంత్రపాలజీ’ పత్రికలో రాశారు. ఒక ఊళ్లో ఒక ఏడాది అందరూ ఒకే రకం ప్యాకెట్ కొంటున్నారు. మరుసటి ఏడాది అది పోయి ఇంకోటి వస్తోంది. పక్క ఊళ్లో మరో రకం మీద మోజు. ఈ తేడాలకు నేలతో గానీ నీళ్లతో గానీ సంబంధం కనపడలేదు. ఎందుకు కొన్నావంటే అందరూ వేస్తున్నారన్నదే జవాబు. అదే రైతులు వరి దగ్గరికి వస్తే ఏ వంగడం ఎందుకో వివరంగా చెప్పగలుగుతున్నారు. మనిషి ఒక్కడే, తెలివి ఒక్కటే. పంట మారేసరికి వివేకం ఎక్కడికి పోయింది?

స్టోన్ చెప్పిన కారణం, రైతు దగ్గరున్న నైపుణ్యం తుడిచిపెట్టుకుపోవడం. హైబ్రిడ్ పత్తి గింజ దాచుకుని మళ్లీ విత్తుకునేది కాదు, ఏటా కొనాల్సిందే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక వందల రకాల పేర్లు మార్కెట్లోకి దిగాయి. నిరుడు వేసిన పేరు ఈ ఏడు దొరకదు, దొరికినా ప్యాకెట్లో ఉన్నది అదేనన్న హామీ లేదు. వానలు ఒక ఏడులా ఇంకో ఏడు ఉండవు. దిగుబడి తగ్గితే తప్పు విత్తనానిదా, పురుగుదా, వర్షానిదా తేల్చుకునే దారి లేదు. ఈ పరిస్థితిలో పొరుగు రైతుని చూసి వెయ్యడం మూర్ఖత్వం కాదు, మిగిలిన ఒకే ఒక్క ఆధారం. దాని మీద వ్యాపారం కట్టుకున్నవాళ్లు వేరే ఉన్నారు. అప్పిచ్చేదీ, మందు అమ్మేదీ, ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఒక్కడే అయినప్పుడు వాత్స్యాయనుడి రెండో ప్రశ్నకు జవాబు వెతకాల్సిన పనే లేదు.

పోయిన వివేకం తిరిగి రాదా? వస్తుందని ఖమ్మం జిల్లాలో పునుకుల అనే ఊరు చూపించింది. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. పురుగుమందుల అప్పులతో, వాటివల్ల వచ్చే జబ్బులతో చితికిపోయిన ఆ ఊరు స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో వాటిని మానుకుని, 2003లో రసాయన పురుగుమందులు వాడని ఊరుగా ప్రకటించుకుంది. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, జిగురు పూసిన పసుపు అట్టలు, లింగాకర్షక బుట్టలు వాడారు. వాడిన సరుకుల కన్నా ముఖ్యం వాళ్లు నేర్చుకున్న పద్ధతి. ఏ పురుగు పంటను తింటుంది, ఏ పురుగు ఆ పురుగును తింటుంది అని చేలో నిలబడి చూశారు. గుడ్డు ఎప్పుడు పెడుతుంది, ఎన్నాళ్లకు పగులుతుంది అని లెక్క పెట్టుకున్నారు. శత్రువనుకున్నవాటిలో మిత్రులున్నట్టు కళ్లారా తెలిసింది. ఫలితం మళ్లీ రైతు కంటి ముందుకు వచ్చింది, దానితో నిర్ణయమూ అతని చేతికొచ్చింది. ఆ తరవాత మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతి ఉమ్మడి రాష్ట్రమంతా వ్యాపించడానికి ఇలాంటి ఊళ్లే దారి చూపాయి.

ఆరోగ్యం దగ్గర మాత్రం ఈ దారి లేదు. ఒకసారి తీసేసిన గర్భసంచిని తిరిగి పెట్టి చూసుకోలేం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. దేశంలో ఈ రెండు రాష్ట్రాలే ముందున్నాయి. చిన్న వయసులో ఈ ఆపరేషన్ అయితే, అందులోనూ అండాశయాలు కూడా తీసేస్తే, ఎముకల బలం తగ్గడం, గుండెజబ్బు ముప్పు లాంటివి ముందుగానే వస్తాయి. ఆ సంగతి ముందు చెప్పేవాళ్లు తక్కువ. ‘పిల్లలు పుట్టేశారుగా, ఇక దానితో పనేముంది’ అనో, ‘ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అనో విన్న ఆడమనిషి, కూలి పోగొట్టుకుంటూ నెలనెలా నొప్పి భరిస్తున్న ఆడమనిషి, ఆ ఆపరేషన్‌కి ఒప్పుకోవడంలో అవివేకం నాకు కనిపించదు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు, పట్నంలో అతను పంపించే ఆస్పత్రి తప్ప అడగడానికి ఆమెకు మూడో మనిషి లేరు. అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఇంకో డాక్టరుకు చూపించుకోమని చెప్పడం తేలిక. ఆ ఇంకో డాక్టరు ప్రభుత్వ ఆస్పత్రిలో, ఆమె వెళ్లగలిగే దూరంలో, ఆమె మాట వినేంత ఓపికతో ఉండాలి.

మళ్లీ డిజిటల్ అరెస్ట్ దగ్గరికి వస్తే, ఆ నేరం ఎలా నడుస్తుందో చూడండి. మీ పేరుతో వచ్చిన పార్సిల్లో డ్రగ్స్ దొరికాయంటారు. యూనిఫాం వేసుకున్న మనిషి వీడియోలో కనపడతాడు. రెండు గంటల్లో అరెస్టంటాడు. అక్కడ వ్యవధి పోయింది. ఇలాంటిది మీకు ఇదివరకెన్నడూ జరిగి ఉండదు, కాబట్టి అనుభవం ఏమీ చెప్పదు. ఇంట్లోవాళ్లకి చెబితే వాళ్లనీ ఇరికిస్తామని, కెమెరా ఆపొద్దని, గది తలుపు వేసుకోమని అంటాడు. అడగడానికి ఉన్న మనుషులూ పోయారు. ఆ నేరగాళ్లు మన చదువు జోలికి రారు, వివేకానికి కావాల్సిన మూడింటినీ వరసగా లాగేస్తారు. దురాశ వల్ల మోసపోయారనే మాట లాభాల ఆశ చూపి ముంచే ట్రేడింగ్ గ్రూపుల విషయంలో కొంత వర్తించవచ్చేమో గానీ, ఇక్కడ వర్తించదు. ఇక్కడ వాడుకున్నది భయాన్ని, చాలాసార్లు చట్టం మీద గౌరవాన్ని. మన చట్టంలో ఫోన్‌లో అరెస్ట్ చేయడమనేదే లేదు. 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని మాట్లాడుతూ ఆగండి, ఆలోచించండి, ఆ తరవాత చర్య తీసుకోండి అన్నారు. ఆ మూడింటిలో ఆగడమే కష్టం, ఎందుకంటే ఆగనివ్వకపోవడమే అవతలివాడి పని అంతా. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలంటే ముందు అతని ఫోన్ పెట్టేయగలగాలి.

పక్కన ఇంకో మనిషి ఉంటే ఎంత మారుతుందో 2018లో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకి, దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపారు. తెలుగు రాష్ట్రాల్లోనూ దాడులు జరిగాయి. ఆ సమయంలో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పల్లెకో కానిస్టేబుల్‌ని కేటాయించి జనంతో మాట్లాడించారు. డప్పు కళాకారులతో పాటలు కట్టించి ఊరూరా పాడించారు. ఫోన్‌లో చూసిన వీడియో నిజమా అని అడగడానికి ఊళ్లోనే ఒక మనిషి దొరికాడు. వాట్సాప్ అదే ఏడాది జూలైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. ఒకటి మనిషినిచ్చింది, ఇంకోటి వ్యవధినిచ్చింది.

మనిషి తన సొంత సమస్య గురించి ఆలోచించేటప్పటికన్నా స్నేహితుడి సమస్య గురించి ఆలోచించేటప్పుడే ఎక్కువ వివేకంగా ఉంటాడని ఇగోర్ గ్రాస్‌మన్, ఈథన్ క్రాస్ 2014లో చూపించారు. హామీ సంతకం పెట్టమని బంధువు వచ్చి కూర్చున్నప్పుడు, అదే బంధువు మన స్నేహితుడి ఇంటికి వెళ్తే మనం ఆ స్నేహితుడికి ఏం చెబుతామో ఆలోచించుకుంటే దారి కొంత కనపడుతుంది. దానికి డబ్బు ఖర్చులేదు, చదువక్కర్లేదు. ఒక్క రాత్రి గడువు అడిగే ధైర్యం ఉంటే చాలు. ఆ గడువు చట్టంలోనే ఉన్న చోట్లూ కొన్ని ఉన్నాయి. జీవిత బీమా పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కిచ్చేయవచ్చని 2024 నుంచి బీమా నియంత్రణ సంస్థ నిబంధన. ఏజెంటు ఎదురుగా మొహమాటానికి సంతకం పెట్టినవారికి ఇది నిజమైన రక్ష.

ఎవరి జాగ్రత్త వారిదే కావాలి గానీ అన్నిటికీ చట్టాన్నీ వ్యవస్థనీ అంటే ఎలా అని కొందరు అడుగుతారు. జాగ్రత్త కావాలి, కాదనను. కానీ జాగ్రత్తపడే వీలు అందరికీ ఒకేలా లేదు. గుంటూరులోనో రాజమండ్రిలోనో డెబ్బయ్యేళ్ల దంపతులు రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఉంటారు, పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. పగలు పదకొండింటికి ఫోన్ మోగితే అక్కడ అర్ధరాత్రి. ‘వాణ్ణి లేపి కంగారు పెట్టడమెందుకు’ అనుకుంటారు. మన తెలుగు ఇళ్లల్లో ఇప్పుడు ఇది చాలా పెద్ద ఖాళీ, మాట్లాడుకోవలసినంతగా దీని గురించి మాట్లాడుకోవడం లేదు.

2024లో హైదరాబాద్‌లో ఒక బ్యాంకు శాఖకి పెద్దాయన ఒకరు వచ్చి డిపాజిట్ తెంచి ఇమ్మన్నారు. ఆయన కంగారు చూసి సిబ్బందికి అనుమానమొచ్చింది. ఎందుకని అడిగారు, ఇంట్లోవాళ్లని తీసుకుని రమ్మన్నారు, తొందరపెట్టినా ఇవ్వలేదు. ఆయన అప్పటికే డిజిటల్ అరెస్ట్‌లో ఉన్నారు, డబ్బు దక్కింది. కౌంటర్ దగ్గరికి రాకుండా ఫోన్‌లోనే పంపేవాళ్లకి ఆ ప్రశ్న అడిగే మనిషి లేడు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు నుంచి, మోసమని అనుమానించడానికి కారణముంటే చెల్లింపును అదనంగా 72 గంటల వరకు ఆపే అధికారం బ్యాంకులకు ఇచ్చారు. మన దగ్గరా ఒక వయసు దాటినవారు కొత్త ఖాతాకి పెద్ద మొత్తం మొదటిసారి పంపుతున్నప్పుడు అలా ఆపాలి, వాళ్లు ముందే రాసి ఇచ్చిన ఒక నంబరుకి ఫోన్ వెళ్లాలి. ఆ నంబరు డాలస్‌ది కానక్కర్లేదు, పక్క ఫ్లాట్‌దైనా సరిపోతుంది.